50 ప్రైమా, 17-50 జూమా? మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి ఏది కొనాలో చెప్పండన్నా

కావలి_కుర్రోడు
ఆదివారం రాత్రి 9:40

అన్నలకి అక్కలకి నమస్తే. నాది కావలి. నా దగ్గర కెనాన్ 1500డీ కెమెరా ఉండాది, బాక్సులో వచ్చిన 18-55, 55-250 రెండు లెన్సులూ ఉండాయి. కొని మూడేళ్లయింది. మైపాడు బీచికి పోయినప్పుడు, ఇంట్లో పండగలకి, ఫ్రెండ్స్ పెళ్లిళ్లకి తీసుకోవడమే గానీ డబ్బులకి ఎప్పుడూ తియ్యలా.

వచ్చే నెల మా అక్క కూతురికి ఓణీల ఫంక్షన్ పెట్టుకున్నారు. మండపానికి ఫోటోగ్రాఫర్ని మాట్లాడారు గానీ, పొద్దున ఇంట్లో జరిగే మంగళస్నానం, నలుగు, ముస్తాబు ఇయన్నీ నువ్వే తియ్యరా, బయటోళ్ల ముందర పిల్ల బిగుసుకుపోతది అని అక్క చెప్పింది. నాకూ తియ్యాలని చానా ఆశగా ఉండాది.

ఇబ్బంది ఏందంటే మొన్న మా వదిన సీమంతానికి ఇంట్లోనే 18-55తో తీశా, ట్యూబులైటు వెలుతురు, ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే కెమెరాలో పెంచే అంకె) 6400 దాకా పోయింది, ముఖాల మీద ఇసక చల్లినట్టు వచ్చాయి ఫోటోలు. గాజులు తొడిగేటప్పుడు చేతులు కదిలి మసక మసక. ఒక్కటి కూడా ప్రింటు వేయించలేకపోయా, అందుకే ఈసారి లెన్సు కొందామని.

బడ్జెట్ 25 వేలు, లాగితే 28. కొత్త 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం ప్రైమ్ లెన్సు కొననా, లేదంటే సెకండ్ హ్యాండ్‌లో 17-50 ఎఫ్ 2.8 జూమ్ చూడనా? ఎంఎం పెరిగితే దగ్గరగా కనపడతది, ఎఫ్ అంకె తగ్గితే వెలుతురు ఎక్కువ వస్తది, అంతవరకే నాకు తెలిసింది. ప్రైమ్ కొంటే జూమ్ ఉండదు, జూమ్ కొంటే 1.8 ఉండదు, రెండు వారాల నుంచి వీడియోలు చూసి చూసి బుర్ర తిరిగిపోతుండాది. వాడినోళ్లు చెప్పండబ్బా.


చీమకుర్తి_గెలాక్సీ
ఆదివారం రాత్రి 10:05

తమ్ముడూ ఇంక ఆలోచించేదేం లేదు, 50 కొను. 160 గ్రాములు, జేబులో వేసుకుని తిరగొచ్చు. మీ 18-55 లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు, అదే చోట 1.8 అంటే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వచ్చిద్ది. పది రెట్లు! నువ్వు 6400 పెట్టిన చోట 640 పెడితే సరిపోయిద్ది. ఇసక చల్లినట్టు ఉందన్నావే, అది పోవడానికి ఇంతకంటే చవకైన మందు లేదు.

నేను గ్రానైట్ పలకలు ఫోటోలు తీస్తా, బ్లాక్ గెలాక్సీలో ఆ బంగారు చుక్కలు కనపడాలంటే లెన్సు శుభ్రంగా ఉండాలి. నాది నికాన్ డీ5600, 35 ఎఫ్ 1.8 ఒక్కటే బిగించి ఉంటది. జూమ్ తీసి బీరువాలో పెట్టి ఏడాది దాటింది, ఒక్క రోజు కూడా దాని అవసరం రాలా.


ఒంగోలు_గిత్త
ఆదివారం రాత్రి 10:31

పలకలు కదలవు కదా అన్నా, అందుకని నీకు కుదిరిద్ది.

నేను బండలాగుడు పోటీలు తీస్తా. ఎడ్లు ఆ చివర నుంచి మన మీదకి వస్తుంటే 200 దగ్గర మొదలుపెట్టినోడిని నాలుగు అంగల్లో 70కి రావాలి, లేదంటే కొమ్ములు తెగిపోతాయి ఫ్రేములో. మధ్యలో లెన్సు మారుద్దామంటే ఆ దుమ్ముకి కెమెరా నోరు తెరిస్తే అంతే సంగతులు. ఒకసారి ఆరు పళ్ల ఎడ్ల విభాగం జరిగేటప్పుడు మార్చా, తర్వాత వారం రోజులు ఆకాశం తీసిన ప్రతి ఫోటోలో ఒకే చోట రెండు నల్ల మచ్చలు. సెన్సర్ క్లీనింగ్ చేయించిందాకా పోలా.

ఫంక్షన్ కూడా ఎడ్ల పందెం లాంటిదే తమ్ముడూ. హారతి పట్టేటప్పుడు ఆగమంటే ఆగరు. 17-50 ఎఫ్ 2.8 తీసుకో. సిగ్మాది ఓఎస్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది, చేయి వణుకు కూడా ఆపుద్ది. బరువు అర కేజీ పైన ఉంటది, అది ఒక్కటే కష్టం.


చీమకుర్తి_గెలాక్సీ
ఆదివారం రాత్రి 10:50

ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెసన్ జీవితంలో ఎక్కువ భాగం 50తోనే తీశాడు, రోడ్ల మీద, ఆగని జనాన్నే. కాళ్లున్నాయి కదా, నాలుగు అడుగులు ముందుకి, నాలుగు వెనక్కి, అదే జూమ్. ప్రైమ్ పెట్టుకుంటే ఫోటో ఎట్టా వచ్చిద్దో ముందే కంటికి కనపడటం మొదలైద్ది, జూమ్ తిప్పేవాడికి ఆ చూపు రాదు. ఇది నేను మనస్ఫూర్తిగా నమ్మే మాట.


పినాకిని
సోమవారం పొద్దున 6:15

నెల్లూరులో పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తుండా. మొదట్లో పెంటాక్స్ కే1000 మీద 50 ఎఫ్ 2 ఒక్కటే, ఫిల్ము 100 ఐఎస్ఓది. తర్వాత నికాన్ ఎఫ్ఎం10, దాంతో 35-70 జూమ్. ఇప్పుడు రెండు బాడీలు, రెండు రకాల లెన్సులూ వాడుతుండా. కాబట్టి ఏ పక్షమూ కాదు నేను.

కెమెరా కంటే ముందు మీ ఇంటి గది కొలత చెప్పు బాబూ. మీది క్రాప్ సెన్సర్, అంటే కెమెరా లోపల ఫోటో పట్టే పలక ఫిల్ము కంటే చిన్నది, కెనాన్‌లో 1.6 రెట్లు. అంటే 50 పెడితే 80 పెట్టినట్టు కనపడతది. నిలబడ్డ మనిషి తల నుంచి కాళ్ల దాకా ఫ్రేములో రావాలంటే, కెమెరా నిలువుగా పట్టుకున్నా కూడా నువ్వు 16 అడుగులు వెనక్కి పోవాల. 12 అడుగుల వెడల్పు గ్రూపు పడాలంటే 27 అడుగులు. మీ ఇంట్లో నలుగు పెట్టే గది ఎంత ఉంటది? పది బై పన్నెండు? అందులో పిల్ల కుర్చీ, చుట్టూ ఎనిమిది మంది ఆడోళ్లు, నువ్వు గోడకి అతుక్కున్నా ఆరేడు అడుగుల కంటే దూరం దొరకదు. ఆ దూరంలో 50కి నడుము నుంచి తల దాకా కూడా కష్టంగా పడతది. అదే 24 అయితే ఎనిమిది అడుగుల్లో మనిషంతా వచ్చేస్తది, 18 అయితే ఆరు అడుగుల్లోనే.

కాళ్లతో జూమ్ అనే మాట నేనూ చెప్పేవాణ్ణి. కానీ రెండు పొరపాట్లున్నాయి అందులో. ఒకటి, గోడ కదలదు. రెండు, దగ్గరికి పోతే మనిషి పెద్దగా అవడమే కాదు, ముఖం మారిపోతది, ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. అది లెన్సు వల్ల కాదు, దూరం వల్ల. కాబట్టి ముందు ఎంత దూరంలో నిలబడితే మనిషి అందంగా ఉంటాడో అక్కడ నిలబడి, ఆ తర్వాత ఎంత ఎంఎం కావాలో చూసుకోవాల. జూమ్ గొప్పతనం అదే, నిలబడే చోటు నువ్వు ఎంచుకోవచ్చు.

బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ తీసేటప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లు, చుట్టూ జనం, వెనక్కి అడుగేస్తే ఎవరో ఒకరి కాలు తొక్కుతాం. ఒకామె సంతానం రొట్టె అందుకుంటుండాది, తడిసిన రొట్టె అంచు విరిగి నీళ్లలో పడబోతే రెండు చేతులూ దోసిలి పట్టింది. నా దగ్గర ఆ రోజు 50 ఒక్కటే. దోసిలి వచ్చింది, ముఖం రాలా. ముఖం కోసం కెమెరా పైకెత్తేసరికి ఆమె కళ్లు మూసుకుని రొట్టె కొంగులో దాచేసుకుంది. ఇప్పటికీ ఆ ఫోటో గుర్తొస్తే బాధగానే ఉంటది.

అట్లని 50 వద్దనటం లేదు. వెలుతురు విషయంలో చీమకుర్తి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ముఖాలకి జూమ్ చేసినప్పుడు 2.8 జూమ్ నీ కిట్ లెన్సు (అదే బాక్సులో వచ్చిన 18-55) కంటే నాలుగు రెట్లే ఎక్కువ ఇస్తది, 1.8 పది రెట్లు.

ఒక పని చెయ్యి. మూడేళ్లుగా తీసిన ఫోటోలు కంప్యూటర్లో ఉంటాయి కదా, ఒక్కో దాని వివరాల్లో ఏ ఎంఎం దగ్గర తీశావో రాసుంటది. ఇంట్లో, ఫంక్షన్లలో తీసినవి మాత్రం ఒక మూడు వందలు పట్టుకుని లెక్క రాసుకుని రా. ఆ లెక్క చూశాక మాట్లాడుకుందాం.


ఉదయగిరి_గరిటెలు
సోమవారం మధ్యాహ్నం 2:20

నేను ఫోటోగ్రాఫర్ని కాదు, మా ఇంట్లో చెక్క గరిటెలు, ఫోర్కులు చేస్తారు, అవి ఆన్‌లైన్లో పెట్టడానికి ఫోటోలు తీసుకుంటా. నర్ది కర్ర మీద గీతలు, గరిటె కాడ చివర చెక్కిన పువ్వు, ఇవి కనపడితేనే కొంటారు. మొదట అందరూ చెప్పారని 50 కొన్నా. మా గది చిన్నది, కిటికీ పక్కన బల్ల వేసుకుని తీస్తే గరిటెల సెట్టు మొత్తం పట్టేది కాదు, మంచం ఎక్కి నిలబడి తీసేదాన్ని. తర్వాత 24 ఎఫ్ 2.8 పల్చటి లెన్సు తీసుకున్నా, రొట్టె బిళ్లంత ఉంటది, 125 గ్రాములే. ఇప్పుడు అదే. 50 మాత్రం ఒక్క గరిటె పువ్వు దగ్గరగా చూపించేటప్పుడు పెడతా. అంటే పినాకిని సార్ చెప్పిన గది కొలత మాట నాకు అనుభవమే.

ఇంకో సంగతి ఎవరూ అడగలేదు తమ్ముడూ. పిల్లకి నువ్వు మేనమామవి కదా? ఓణీ, పసుపు కుంకుమ తట్ట తెచ్చేది నువ్వే, పిల్లకి ఇచ్చి అక్షింతలు వేసేదీ నువ్వే. ఆ ఫోటోలో నువ్వు ఉండాలి. అప్పుడు కెమెరా ఎవరి చేతిలో ఉంటది? వాళ్లకి 50 ఇస్తే నిలబడాల్సిన చోటు తెలియక నీ తల కోసేస్తారు.


కావలి_కుర్రోడు
సోమవారం రాత్రి 8:50

అక్కా, ఈ మాట నా బుర్రకే తట్టలా. నిజమే, చీరె సారె మా ఇంటి నుంచే పోవాల, ముందర నడిచేది నేనే. మా చిన్నాన్న కొడుకు ఒకడు ఉండాడు, ఇంటరు చదువుతాడు, వాడికి ఇస్తా కెమెరా. వాడికి సెల్‌ఫోన్ తప్ప ఏదీ తెలీదు.

సార్, గది కొలిచా. పదకొండు బై పది. బీరువా తీసేస్తే ఇంకో రెండడుగులు. ఫోటోల లెక్క మొదలుపెట్టా, రేపు ఎల్లుండిలో చెప్తా.


గూడబాతు
సోమవారం రాత్రి 9:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు, నేను పక్షుల మనిషిని. నేలపట్టు పక్షుల కేంద్రానికి ఏటా పోతా, ఇప్పుడది తిరుపతి జిల్లా కిందకి వెళ్లింది గానీ మాకు నెల్లూరోళ్లకి ఇంటి చెరువు లెక్కే. అక్కడ నీళ్లలో చెట్ల మీద గూడబాతులు పిల్లలకి నోట్లో నోరు పెట్టి చేప తినిపిస్తుంటే కాళ్లతో జూమ్ అంటే కుదరదు, నీళ్లలోకి దిగనియ్యరు, దిగకూడదు కూడా. నా దగ్గర 150-600 ఉంది, రెండు కేజీలు. 600 ఎఫ్ 4 ప్రైమ్ ధరకి ఊళ్లో కారు వస్తది. అంటే పక్షులకి ఈ చర్చే లేదు, డబ్బే తేల్చేస్తది.

తమ్ముడి దగ్గర 55-250 ఉంది కదా, దాన్ని ఎవరూ పట్టించుకోలా. మీ క్రాప్ మీద అది 400 లెక్క. జనవరి టైములో వచ్చి పొద్దునపూట చూడు, అదేం తక్కువ లెన్సు కాదు. అరచేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం తిరిగినట్టు ఉంది నీ పని.


కందుకూరు_కెమెరా
మంగళవారం పొద్దున 11:10

లెన్సు లెన్సు అంటున్నారు, ఫ్లాష్ మాట ఒక్కరూ ఎత్తలేదేందన్నా? పదకొండు బై పది గది, తెల్ల సున్నం సీలింగు అయితే, ఫ్లాష్ తల పైకి తిప్పి సీలింగు మీద కొడితే గదంతా పగలు లెక్క అయిద్ది. కిట్ లెన్సు 18 దగ్గర, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400 లేదా 800, గ్రూపు మొత్తం మొదటి వరస నుంచి చివరి వరస దాకా షార్ప్. 1.8 దగ్గర గ్రూపు తీస్తే ముందోళ్లు వస్తే వెనకోళ్లు రారు.

కానీ ఒక జాగ్రత్త, 1500డీ వాడేవాళ్లకి తప్పకుండా చెప్పాలి. దాని హాట్ షూ (పైన ఫ్లాష్ బిగించే గాడి) మధ్యలో ఉండాల్సిన పిన్ను కెనాన్ వాడు పెట్టలేదు. మామూలు చౌక మాన్యువల్ ఫ్లాష్‌లు దాని మీద వెలగవు. షాపులో కెమెరా మీద బిగించి, రెండు సార్లు వెలిగించి చూసి కొను. పెట్టె మీద కెనాన్‌కి అని రాసుంటే చాలు అనుకోవద్దు. మండపంలో మాత్రం సీలింగు మీద కొట్టొద్దు, ఎర్ర గుడ్డో పసుపు గుడ్డో కట్టి ఉంటారు, ఆ రంగంతా ముఖాల మీదకి దిగిద్ది.

సెకండ్ హ్యాండ్ లెన్సు అంటే ఇంకో మాట. నేను చెన్నై పోయి ఒక షాపులో 17-50 కొన్నా, షాపు వెలుతుర్లో అద్దంలా ఉంది. ఇంటికొచ్చి రాత్రి కరెంటు తీసి, వెనక నుంచి సెల్ టార్చి కొట్టి చూస్తే లోపల గ్లాసు అంచున సాలెగూడు దారాల్లా తెల్లగా, అది ఫంగస్. మళ్లీ పోతే మీ దగ్గరే పట్టిందన్నారు. ఒక్క రాత్రిలో ఫంగస్ పట్టుద్దా? శుభ్రం చేయించడానికి ఇంకో నాలుగు వేలు అయ్యాయి. మన సముద్రం పక్క ఊళ్లలో గాలిలో తడి ఎక్కువ, కాబట్టి టార్చి లేకుండా పాత లెన్సు కొనొద్దు. కొన్నాక గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టు, ఆ గుళికల రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.


చీమకుర్తి_గెలాక్సీ
మంగళవారం మధ్యాహ్నం 1:00

ఫ్లాష్ మాట ఒప్పుకుంటా. కొనేటప్పుడు మోసపోయిన అనుభవం నాకూ ఉంది. ఒక షాపాయన నాకు 50 ఎఫ్ 1.8డీ అంటగట్టాడు, భేషుగ్గా పనిచేసిద్దన్నాడు. ఆ లెన్సులో మోటారు ఉండదు, నా డీ5600 బాడీలోనూ ఉండదు, ఇంక ఆటోఫోకస్ ఎక్కడి నుంచి వచ్చిద్ది. మూడు నెలలు చేత్తో తిప్పి ఫోకస్ చేశా. నికాన్ చిన్న బాడీలు వాడేవాళ్లు లెన్సు మీద ఏఎఫ్-ఎస్ (లోపలే మోటారు ఉన్నది) అని రాసుందో లేదో చూసుకోండి. కెనాన్‌లో ఈ గొడవ లేదు, తమ్ముడు అదృష్టవంతుడు.


కావలి_కుర్రోడు
బుధవారం రాత్రి 10:15

లెక్క అయింది సార్. ఇంట్లో, ఫంక్షన్లలో తీసినవి 340 ఫోటోలు చూశా. 18 నుంచి 24 మధ్య 141 ఉండాయి. 50 నుంచి 55 మధ్య 128. మధ్యలో 25 నుంచి 49 దాకా అంతా కలిపి 71. నేను జూమ్ తిప్పుతూనే ఉంటా అనుకున్నా, చూస్తే ఈ చివరో ఆ చివరో.

ఇంకో పనీ చేశా. 18-55ని 50 దగ్గర పెట్టి రింగుకి రబ్బరు బ్యాండు వేసి రెండు రోజులు తిరిగా, 50 కొంటే ఎట్టా ఉంటదో డబ్బులు పెట్టకుండానే తెలుస్తుందని. వంటింట్లో అమ్మ దోసె పోస్తుంటే తీశా, ముఖమూ పెనం పొగా వచ్చాయి, చానా బాగుంది. హాల్లో అందరూ టీవీ చూస్తుంటే తియ్యలేకపోయా, వరండాలోకి పోయి కిటికీ ఊచల్లోంచి తీశా.


పినాకిని
గురువారం పొద్దున 6:40

ఇప్పుడు నీ జబ్బేందో నాడి దొరికింది. నీ కన్ను రెండే చూస్తది, గది మొత్తం, లేదంటే ముఖం. మధ్య దూరాలు నీకు అలవాటు లేదు. 17-50 ఎఫ్ 2.8 మంచి లెన్సే, గిత్త గారు చెప్పినట్టు ఫంక్షన్ల మీద బతికేవాడికి అది ఉండాల్సిందే, నేను దాని మీదే సంపాదించుకున్నా. కానీ నువ్వు దాని డబ్బులన్నీ పెట్టి వాడేది రెండు చివర్లే.

గది మొత్తం తీసే 18 నీ దగ్గర ఉండనే ఉండాది, దానికి కావాల్సింది వెలుతురు, అంటే కందుకూరు తమ్ముడు చెప్పిన ఫ్లాష్. ముఖానికి 50 ఎఫ్ 1.8. ఈ రెండూ కలిపి నీ బడ్జెట్‌లో వస్తాయి, ఫంగస్ భయం లేకుండా కొత్తవే వస్తాయి. మీ తమ్ముడి చేతికి ఇచ్చేటప్పుడు 18-55, ఫ్లాష్ పెట్టి ఇవ్వు, వాడు నొక్కితే చాలు.

50 వాడేటప్పుడు ఒక్కటి గుర్తు పెట్టుకో. ఐదడుగుల దూరంలో 1.8 దగ్గర షార్పుగా ఉండేది ఆరు సెంటీమీటర్ల మందమే. పిల్ల తల కొంచెం పక్కకి తిప్పితే దగ్గరి కన్ను ఉంటది, అవతలి కన్ను జారిపోతది. 2.8 పెడితే తొమ్మిదీ పది సెంటీమీటర్లు దొరుకుతది, ముఖానికి సరిపోతది. 1.8 ఉంది కదా అని 1.8లోనే తియ్యమని రూలు లేదు. ఫోకస్ పాయింటు మధ్యది ఒక్కటే పెట్టుకో, 1500డీలో ఉన్న తొమ్మిదిట్లో క్రాస్ టైపు (నిలువు గీతలూ అడ్డ గీతలూ రెండూ పట్టేది) అదొక్కటే, చీకట్లో మిగతావి తడుముకుంటాయి. ఎల్ఈడీ లైట్ల కింద షట్టర్ 1/100 సెకను పెట్టు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు సెకనుకి వంద సార్లు కొట్టుకుంటది, 1/100 అయితే ఫోటోలో అడ్డ చారలు పడవు.


ఒంగోలు_గిత్త
గురువారం పొద్దున 9:05

నేను 17-50కే ఓటేశా గానీ ఈ లెక్క చూశాక పినాకిని గారి మాటే సరైంది అనిపిస్తంది. ఆ రబ్బరు బ్యాండు ఉపాయం నేనూ చేస్తా, 70-200 మీద.

కాకపోతే ముందు ముందు డబ్బులకి తియ్యాలనుకుంటే మాత్రం 2.8 జూమ్ తప్పదు తమ్ముడూ. పెళ్లోళ్లు నీ కన్ను ఏం చూస్తదో అడగరు, జీలకర్ర బెల్లం వచ్చిందా, తాళి కట్టేది వచ్చిందా అని అడుగుతారు.


కావలి_కుర్రోడు
గురువారం రాత్రి 9:00

డబ్బులకి తీసే ఆలోచన ఇప్పుడైతే లేదన్నా. సార్ చెప్పినట్టే 50, ఫ్లాష్ కొంటుండా. శనివారం నెల్లూరు వస్తా, కెమెరా తీసుకొచ్చి ఫ్లాష్ దాని మీద వెలిగించి చూసే కొంటా.


కావలి_కుర్రోడు
ఐదు వారాల తర్వాత, మంగళవారం రాత్రి 11:30

అందరికీ నమస్తే. ఫంక్షన్ ఆదివారం అయిపోయింది. ఏమైందో చెప్పాలని ఉండాది, కొంచెం పొడుగ్గానే రాస్తా.

ఫ్లాష్ మూడు రకాలు వెలిగించి చూశా, మొదటిది నిజంగానే వెలగలా, షాపాయన కూడా ఆశ్చర్యపోయాడు. కందుకూరన్న చెప్పకపోతే అదే తెచ్చుకునేవాణ్ణి.

పొద్దున నలుగు గదిలో బీరువా బయటికి జరిపిచ్చా. మొదట 18-55, ఫ్లాష్ సీలింగు మీద. అత్తలు, పిన్నమ్మలు, అమ్మమ్మ, అందరూ పడ్డారు, ఐఎస్ఓ 800. మా అక్క ఫోన్లో చూసి ఇది మన ఇల్లేనా అనింది. ఆ తర్వాత 50 పెట్టా. పసుపు రాసేటప్పుడు తీసినవి 1.8లో తీశా మొదట, ఆశ ఆపుకోలేక. సగం పోయాయి సార్, మీరు చెప్పినట్టే. ఒకదాంట్లో పాపిడిబిళ్ల మాత్రం షార్పుగా ఉండి కళ్లు మసక. 2.8కి మార్చాక కుదిరాయి. అప్పటికి కిటికీలోంచి ఎండ కూడా వచ్చింది, ఫ్లాష్ తీసేశా.

లెన్సు మార్చడం మాత్రం కష్టమే, గిత్తన్న చెప్పింది నిజం. హారతి పళ్లెం వచ్చేటప్పటికి 50 మీద ఉండా, అందరూ పడాల్సిన ఫోటో అది, మార్చేలోపల హారతి అయిపోయింది. మళ్లీ పట్టమని అడగలేకపోయా. 17-50 ఉంటే వచ్చేది.

మండపంలో మేనమామ వరస వచ్చినప్పుడు మా తమ్ముడికి 18-55 పెట్టి ఇచ్చా. తల కొయ్యలేదక్కా! ఓణీ తట్ట నా చేతుల్లోంచి పిల్ల చేతుల్లోకి పోయేటప్పుడు నొక్కాడు, కొంచెం వంకరగా ఉంది గానీ ఇద్దరం ఉన్నాం, వెనక మా అమ్మ కళ్లు తుడుచుకుంటా ఉండాది.

అన్నిట్లోకి నాకు నచ్చింది ఒకటి ఉండాది. ముస్తాబు అయ్యాక పిల్ల మంచం మీద కూర్చుని జడకుచ్చులు సరిచేసుకుంటుంటే, గుమ్మంలో మా అమ్మమ్మ నిలబడి చూస్తుండాది, ఎవరూ లేరు గదిలో. 50, ఎఫ్ 2.2, ఐఎస్ఓ 400, కిటికీ వెలుతురే. పిల్ల జడ, చెవి బుట్ట షార్పుగా, అమ్మమ్మ వెనక కొంచెం మెత్తగా, కానీ నవ్వేది తెలుస్తుండాది. ఫోటో జత చేస్తుండా, అక్కని అడిగే పెట్టా. పక్కన గోడకి కుర్చీ ఒకటి పడింది, దాని మీద ఎవరిదో టవలు ఉండాది. అది క్రాప్ చేసి 12 బై 18 ప్రింటు వేయిద్దామని.


ఉదయగిరి_గరిటెలు
బుధవారం పొద్దున 7:10

నువ్వు ఫోటోలో ఉన్నావు, అది చాలు నాకు. అమ్మమ్మ ఫోటో మళ్లీ మళ్లీ చూశా తమ్ముడూ, చాలా బాగుంది.


చీమకుర్తి_గెలాక్సీ
బుధవారం పొద్దున 8:00

50 కొనమన్నది మొదట నేనే, ఆ ఫోటో చూస్తే కడుపు నిండిపోయింది. గది కొలత అడగకుండా చెప్పడం మాత్రం నా తప్పే, ఈసారి ఎవరన్నా అడిగితే ముందు అదే అడుగుతా.


పినాకిని
బుధవారం పొద్దున 8:45

క్రాప్ చెయ్యొద్దు బాబూ. ఆ కుర్చీ, టవలు ఉంటేనే అది మీ ఇల్లు. ఇప్పుడు అడ్డంగా అనిపిస్తది, పదేళ్ల తర్వాత మీ అక్క ముందు ఆ టవలు ఎవరిదో గుర్తు పడతది. వెలుగు మాత్రం పైన కుడి మూల కొంచెం తగ్గించు, కిటికీ తెల్లగా పేలిపోయింది. ప్రింటు మ్యాట్ కాయితం మీద వేయించు, గ్లాసీ మీద గుమ్మం నీడ నల్లగా మూసుకుపోతది.


కావలి_కుర్రోడు
బుధవారం రాత్రి 9:20

అట్నే సార్, టవలు ఉంచేస్తా. అది మా బావదంట, అక్క చూడంగానే చెప్పింది. రేపు మ్యాట్‌లో రెండు ప్రింట్లు ఇస్తుండా, ఒకటి అక్కకి, ఒకటి అమ్మమ్మకి.

గూడబాతన్నా, జనవరిలో నేలపట్టుకి వస్తా, 55-250 తీసుకుని. పొద్దున ఎన్నింటికి అక్కడ ఉండాలో చెప్పండి.


గూడబాతు
బుధవారం రాత్రి 9:45

ఎండ రాకముందే ఉండాలి. ఆరున్నరకల్లా గేటు దగ్గరికి రా, అక్కడ కలుద్దాం. నీళ్ల సీసా, టోపీ తెచ్చుకో. ఫ్లాష్ ఇంట్లోనే పెట్టేసి రా.